మా బృందం పాడే పాటల వెనక అసలు కథలు: తెలిసినవారు చెప్పండి

శ్రుతిపెట్టె:
అందరికీ నమస్కారం. మా గాయక బృందంలో నలభై మంది దాకా ఉన్నాం. ఎవరికీ సంగీతం వృత్తి కాదు. వారానికో సాయంత్రం కలిసి సాధన చేస్తాం, ఏడాదికొక పెద్ద కచేరీ చేస్తాం. ఈసారి ప్రతి పాటకు ముందు దాని పుట్టుక గురించి నాలుగు మాటలు చెబితే బాగుంటుందని అందరూ అనడంతో వ్యాఖ్యానం రాసే బాధ్యత నేను తీసుకున్నాను.

పాటలు ఇవి: గురజాడ దేశభక్తి గేయం, ‘వి షల్ ఓవర్‌కమ్’, దాని హిందీ రూపం ‘హమ్ హోంగే కామ్‌యాబ్’, ‘అమేజింగ్ గ్రేస్’, ‘సైలెంట్ నైట్’, ‘క్యారల్ ఆఫ్ ది బెల్స్’, ‘స్టీల్ అవే’. చివర జన గణ మన.

ఫోనుల్లో చేతులు మారే కథలు నా దగ్గర చాలా పోగయ్యాయి. ప్రతి కథలోనూ ఒక తుపాను ఉంటుంది, ఒక అద్భుతం ఉంటుంది, తెల్లవారేసరికి పాట తయారవుతుంది. కథ అంత తీరుగా కుదిరితే నాకు నమ్మకం కన్నా అనుమానమే ముందు కలుగుతుంది. తరాల తరబడి జనం నోట నిలిచిన పాట గురించి సభలో అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేదు. అందుకని రూఢిగా తెలిసిన సంగతులు మాత్రమే రాయండి. చిన్నవైనా చాలు.

మంద్రస్థాయి:
‘సైలెంట్ నైట్’ గురించి మీకు వచ్చిన కథ ఏదో ఊహించగలను. ఎలుకలు చర్చిలోని ఆర్గన్ తిత్తులు కొరికేశాయి, పండుగ రాత్రి వాయించడానికి వాద్యం లేకపోయింది, క్రిస్మస్ నాడు గిటారుతో పాడుకోవడానికి అప్పటికప్పుడు పాట కట్టారు. అదే కదా? ఆ ఎలుకలకు ఆనాటి ఆధారం ఒక్కటీ లేదు.

ఆధారం ఉన్నంతవరకు చెబుతాను. యోసెఫ్ మోర్ అనే యువ మతగురువు 1816లో ఆస్ట్రియా కొండల్లోని మారియాప్‌ఫార్‌లో ఈ కవిత రాశాడు. తర్వాత సాల్జ్‌బర్గ్ దగ్గరున్న ఓబర్న్‌డార్ఫ్‌కు వచ్చాడు. అక్కడ 1818 డిసెంబరు 24న ఆ కాగితాన్ని ఫ్రాంజ్ గ్రూబర్ చేతికిచ్చి, రెండు గొంతులకూ బృందానికీ గిటారుకూ సరిపోయేలా బాణీ కట్టమన్నాడు. గ్రూబర్ బడిపంతులు, చర్చిలో ఆర్గన్ కూడా వాయించేవాడు. ఆ రాత్రే పాడారు. అంటే బాణీ ఒక్కరోజులో పుట్టిన మాట నిజం. మాటలు మాత్రం అప్పటికే రెండేళ్లనాటివి. మోర్ చేతిరాత ప్రతి ఒకటి 1995లో బయటపడటంతో ఆ 1816 సంగతి ఖాయమైంది.

ఆ ఏడాది ఎలాంటిదో చూడండి. నెపోలియన్ యుద్ధాలు అంతకు ముందు ఏడాదే ముగిశాయి. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆ ప్రభావంతో 1816లో ఐరోపాకు వేసవే సరిగా రాలేదు. పంటలు పోయాయి, తిండికి కటకట వచ్చింది. అలాంటి ఏట ఒక కుర్ర పూజారి కూర్చుని ప్రశాంతమైన రాత్రి గురించి రాశాడు. నాకైతే ఎలుకల కన్నా ఇది ఎంతో బలమైన కథగా తోస్తుంది.

పాతపాటలు:
మంద్రస్థాయి గారూ, వివరాలు చాలా బాగున్నాయి. అయితే ఎలుకల కథను పూర్తిగా కొట్టిపారేయమంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. సభలో పిల్లలుంటారు. వాళ్లు పాటను గుర్తుపెట్టుకునేది అలాంటి కథ వల్లే. ‘అని చెప్పుకుంటారు’ అని ఒక మాట చేర్చి చెబితే తప్పేముంది? జనం ఒక పాట చుట్టూ అల్లుకున్న కథ కూడా ఆ పాట చరిత్రలో భాగమే అని నా నమ్మకం.

మంద్రస్థాయి:
‘అని చెప్పుకుంటారు’ అని స్పష్టంగా అంటే నాకూ అభ్యంతరం లేదు. కానీ ఒక్కో పాట వ్యాఖ్యానానికి ఉన్న సమయం ఒకటిన్నర నిమిషం. అందులో ఎలుకలకు అర నిమిషం ఇస్తే గ్రూబర్‌కు ఏం మిగులుతుంది? పాట పేరు పొందాక దాన్ని పేరున్న స్వరకర్త మైకేల్ హేడెన్ కట్టాడేమోనని పెద్దవాళ్లు అనుకునేవారు. బెర్లిన్ రాజాస్థాన సంగీతశాల వాళ్లు ఆరా తీస్తే, 1854లో గ్రూబర్ ఆ రోజు జరిగిందేమిటో తన చేత్తో రాసి ఇచ్చాడు. ఒక పల్లె పంతులు తన పాట తనదేనని ముప్పై ఆరేళ్ల తర్వాత చెప్పుకోవలసి వచ్చింది. ఆ కాగితంలో ఎలుకల ఊసే లేదు.

కాకలి:
‘క్యారల్ ఆఫ్ ది బెల్స్’ గురించి కొంచెం పొడుగ్గానే రాస్తాను. దీన్ని పాడే బృందాలు లెక్కలేనన్ని. దీన్ని కట్టినవాడి పేరు చెప్పే బృందాలు మాత్రం అరుదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఆయన పేరు మికోలా లెయోంతోవిచ్. 1877లో ఉక్రెయిన్‌లో పుట్టాడు. బడుల్లో సంగీతం చెప్పేవాడు, పల్లె బాణీలు సేకరించి బృందగానానికి మలిచేవాడు. ఈ పాట అసలు పేరు ‘ష్చెద్రిక్’. ఇందులో గంటలూ లేవు, క్రిస్మసూ లేదు. కొత్త సంవత్సరం వేళ ఇంటింటికీ వెళ్లి పాడే పాట ఇది. ఒక వానకోయిల ఇంట్లోకి ఎగిరి వచ్చి యజమానిని పిలుస్తుంది: బయటికి వచ్చి చూడు, నీ గొర్రెలు ఈనాయి, ఈ ఏడు నీకు కలిసివస్తుంది అని.

ఆయన ఈ పాటకు మళ్లీ మళ్లీ కొత్త రూపం ఇస్తూ వచ్చాడు. 1916 డిసెంబరులో కీవ్ విశ్వవిద్యాలయ విద్యార్థి బృందం ఒలెక్సాండర్ కోషెట్స్ నాయకత్వంలో దాన్ని పాడింది. 1919లో ఉక్రెయిన్ స్వతంత్రంగా నిలవడానికి పెనుగులాడుతున్న రోజుల్లో, మాదీ ఒక దేశమేనని ప్రపంచానికి చూపడానికి అక్కడి ప్రభుత్వం ఒక గాయక బృందాన్ని విదేశాలకు పంపింది. రాయబారులకు తోడుగా పాటలు వెళ్లాయన్నమాట. వాటిలో అందరినీ ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే. 1922 అక్టోబరు 5న న్యూయార్క్ కార్నెగీ హాలులో పాడారు.

అప్పటికి లెయోంతోవిచ్ లేడు. 1921 జనవరిలో తల్లిదండ్రుల ఇంటికి వెళ్లినప్పుడు, రాత్రి తలదాచుకుంటానని వచ్చిన ఒక మనిషి ఆయన్ని తెల్లవారుజామున కాల్చి చంపాడు. ఆ వచ్చినవాడు సోవియట్ రహస్య పోలీసు మనిషి. మనం పాడే ఇంగ్లిషు మాటలు 1936లో పీటర్ విల్హౌస్కీ రాసినవి. గంటలు వచ్చింది అప్పుడే.

ఇక సంగీతం. శ్రుతి పట్టుకుని చూడండి: షడ్జమం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, అంటే స రి గ, అంతే. ‘గా రిగ సా, గా రిగ సా’. పాట మొదలయ్యేది దీనితోనే, ఎక్కువ భాగం నడిచేదీ దీనితోనే. సోప్రానోలు, అంటే అన్నిటికన్నా పై స్థాయి గొంతులు, అదే పలుకుతూ ఉంటే మిగతా గొంతులు కింద ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. పైన పలుకు మారదు. కింది ఆధారం మారినప్పుడల్లా ఆ మూడు స్వరాలే ఒకచోట హుషారుగా, ఒకచోట దిగులుగా వినిపిస్తాయి. జానపదం నుంచి ఆయన తీసుకున్నది ఈ చిన్న పలుకు. మిగిలిందంతా ఆయన విద్వత్తు.

మూడోవరుస:
కాకలి గారూ, ఒక సందేహం. వానకోయిలలు చలికాలంలో వెచ్చని దేశాలకు వెళ్లిపోతాయి కదా, జనవరి పాటలోకి ఎలా వచ్చింది?

కాకలి:
మంచి ప్రశ్న. క్రైస్తవం రాకముందు అక్కడ కొత్త ఏడాది వసంతంలో మొదలయ్యేది. పక్షులు తిరిగి వచ్చేదీ, గొర్రెలు ఈనేదీ అప్పుడే. తర్వాత పండుగ తేదీ చలికాలానికి మారింది, పాట మాత్రం తన వసంతాన్ని వదులుకోలేదు.

చాపుతాళం:
దేశభక్తి గేయం గురించి నాకు చాలాకాలంగా ఉన్న మనవి ఒకటుంది, ఇక్కడ చెబుతాను.

ముందు కథ. గురజాడ దీన్ని 1910లో రాశారు. 1913లో కృష్ణాపత్రికలో అచ్చయింది. బెంగాల్ విభజన తర్వాత స్వదేశీ ఉద్యమం మన వైపు వీస్తున్న కాలం అది. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఆంధ్ర పట్టణాల్లో ప్రసంగాలు చేస్తూ తిరిగారు. ఆ పర్యటనలో వెంట ఉన్న ముట్నూరి కృష్ణారావే కృష్ణాపత్రిక సంపాదకుడు. ఇంత వేడిలో రాసిన పాట కదా, శత్రువును తిట్టే మాట ఏదైనా ఉంటుందనుకుంటాం. లేదు. పాడిపంటలు పెంచమంటుంది, ఒళ్లు వంచి పని చేయమంటుంది, దేశీ సరుకులు తయారు చేయమంటుంది, పక్కవాడికి తోడుపడమంటుంది. దేశమంటే ఎవరో ఆ పాట తేల్చి చెప్పింది, దాన్ని నేను మళ్లీ ఇక్కడ రాయనక్కరలేదు.

ఇప్పుడు మనవి. ఇది ముత్యాలసరం. పద్యానికి ఉన్న కట్టుబాట్లు సడలించి, మామూలు మాట ఒదిగేలా గురజాడ తీర్చిన నడక. మొదటి పాదం విడగొట్టి చూడండి: దేశ / మునుప్రే / మించు / మన్నా. మాత్రలు లెక్కపెడితే మూడు, నాలుగు, మూడు, నాలుగు. రెండో పాదం: మంచి / అన్నది / పెంచు / మన్నా. మళ్లీ అంతే. అంటే ఇది మిశ్రచాపు, ఏడు దెబ్బల నడక. చాలా బృందాలు కీబోర్డులో నాలుగు దెబ్బల కవాతు తాళం పెట్టి పాడతాయి. అప్పుడు ‘దేశ’ దగ్గర మూడు మాత్రల మాటను నాలుగుకు సాగదీయాలి, పాదం పొడుగునా అదే పని. మాట విరుపు పోతుంది. చాపులో ఒకసారి పాడి చూడండి. పక్కన కూర్చున్న మనిషి భుజం మీద చెయ్యి వేసి ‘అన్నా’ అని చెప్పినట్టు వినిపిస్తుంది. గురజాడ కోరుకున్నది ఆ చనువే అని నా గట్టి అభిప్రాయం.

శ్రుతిపెట్టె:
చాపుతాళం గారూ, ఈ ఒక్క సలహాకే నేను ఇక్కడ అడగడం సార్థకమైంది. మాదీ కవాతు తాళమే. వచ్చే సాధనలో కీబోర్డు తాళం ఆపి, చేత్తో చాపు వేసి పాడిస్తాను.

పాతపాటలు:
జన గణ మన గురించి నేను చెబుతాను. బాణీ మదనపల్లెలో పుట్టిందని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. గర్వించదగిన విషయం మదనపల్లెకు నిజంగానే ఉంది, కానీ అది కాదు. పాటను 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలోనే పాడారు. ఏడేళ్ల తర్వాత, 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని బిసెంట్ థియొసాఫికల్ కళాశాలకు వచ్చారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. ఒక సాయంత్రం విద్యార్థుల ఎదుట ఠాగూర్ ఈ పాట పాడారు. జేమ్స్ భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం చదువుకున్న మనిషి. ఆమె కవి దగ్గర కూర్చుని బాణీని స్వరలిపిలోకి ఎక్కించారు. ఠాగూర్ అక్కడే పాటను ఇంగ్లిషులోకి అనువదించి తన దస్తూరీతో రాసి ఇచ్చారు.

బృందగానం చేసేవాళ్లకు ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పాలా? ఒకరి గొంతులో ఉన్న పాట కాగితం మీదికి వస్తేనే, ఎన్నడూ కలవని మనుషులు కూడా ఒకే తీరున పాడగలరు.

చిన్న సూచన. జాతీయగీతానికి సభ లేచి నిలబడుతుంది కాబట్టి ఈ కథను అంతకు ముందు పాట ముగిశాక, అందరూ కూర్చుని ఉండగానే చెప్పేయండి. నిలబెట్టి కథ చెప్పకూడదు.

నాలుగుగొంతులు:
‘వి షల్ ఓవర్‌కమ్’ ఎవరూ తీసుకోలేదు కాబట్టి నేను రాస్తాను. దీన్ని అమెరికా జానపద గాయకుడు పీట్ సీగర్ పాటగా చెప్పేస్తుంటారు. సీగర్ ఎప్పుడూ అలా చెప్పుకోలేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ అనే నల్లజాతి మతబోధకుడు, ఏదో ఒకనాడు నేను అధిగమిస్తాను అనే భావంతో ఒక కీర్తన రాశాడు. దాని వెనకా ముందూ నల్లవారి చర్చిలలో అలాంటి పాటలు వేరేవి కూడా ఉన్నాయి. అసలు మలుపు 1945లో వచ్చింది. దక్షిణ కరోలినా రాష్ట్రం చార్లెస్టన్‌లో సిగార్ కర్మాగారం కార్మికులు సమ్మెకు దిగారు. వారిలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలు. శీతాకాలమంతా గేటు బయట నిలబడ్డారు. సాయంత్రం ఆనాటి పికెటింగు ముగించేటప్పుడు లూసిల్ సిమ్మన్స్ అనే కార్మికురాలు ఈ పాట అందుకునేది. చాలా నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరాన్ని సాగదీసి పాడేది, మిగతావాళ్లు గొంతు కలిపేవారు. ఒంటరి మనిషి ప్రార్థన సమ్మెలో ఉన్న అందరి మాటగా మారింది అక్కడే.

ఆ సమ్మెకారులు కొందరు టెన్నెసీలోని హైలాండర్ జానపద పాఠశాలకు వెళ్లారు. కార్మికులకు శిక్షణ ఇచ్చే చోటు అది. అక్కడ సంగీతం చూసే జిల్ఫియా హోర్టన్ వాళ్ల దగ్గర నేర్చుకుంది. ఆమె దగ్గర పీట్ సీగర్ నేర్చుకున్నాడు. ఆమె తర్వాత హైలాండర్‌లో సంగీత బాధ్యత తీసుకున్న గై కారవాన్, 1960 ఏప్రిల్‌లో రాలీ నగరంలో జరిగిన విద్యార్థి ఉద్యమకారుల సమావేశంలో దీన్ని పాడించాడు. అక్కడి నుంచి అమెరికా దక్షిణాది అంతా పాకింది.

ఒక్క ఘట్టం మాత్రం మీ వ్యాఖ్యానంలో తప్పకుండా ఉండాలి. 1959లో ఒక రాత్రి హైలాండర్ మీద పోలీసులు దాడి చేసి దీపాలు ఆర్పేశారు. లోపల బడి వయసు పిల్లలు ఉన్నారు. చీకట్లో పాట అందుకున్నారు. మాకు భయం లేదు అనే చరణం అక్కడికక్కడ చేర్చుకున్నారు. వారిలో ఒకరైన జమీలా జోన్స్ తర్వాత గుర్తుచేసుకున్నారు: టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ పోలీసు, పాడితే పాడారు గానీ అంత గట్టిగా పాడాలా అని అడిగాడట. అతని చెయ్యి వణుకుతోందట. మనం ఆ చరణం పాడుతున్నప్పుడు అది ఎవరు చేర్చారో తెలిసి పాడాలి. ఏ రచయితా తీరిగ్గా కూర్చుని రాసింది కాదు, చీకట్లో పిల్లలు కట్టుకున్నది.

1960ల్లో పాటను హోర్టన్, ఫ్రాంక్ హామిల్టన్, కారవాన్, సీగర్ల పేర్ల మీద నమోదు చేయించి, రాయల్టీ మొత్తం దక్షిణాది నల్లజాతి సమాజాల పనులకు ఒక నిధిగా పెట్టారు. తర్వాత కోర్టులో వివాదం నడిచింది. 2018లో రాజీ కుదిరి పాట ఇప్పుడు అందరి సొత్తు. కాబట్టి శ్రుతిపెట్టె గారూ, పాడుకోవడానికి అనుమతి అక్కరలేదు. ‘రచన: పీట్ సీగర్’ అని మాత్రం అచ్చు వేయకండి. లూసిల్ సిమ్మన్స్ పేరు వేయండి.

హిందీ మాటలు కవి గిరిజాకుమార్ మాథుర్‌వి. బెంగాలీలో హేమాంగ బిశ్వాస్ రాశారు.

మూడోవరుస:
టార్చిలైటు సంగతి చదివి ఒళ్లు జలదరించింది. ఇన్నాళ్లుగా ఆ పాట పాడుతున్నాను, ఈ సంగతి వినలేదు.

ఏకశ్రుతి:
అందరి రాతలూ శ్రద్ధగా చదివాను. నా మాట కాస్త భిన్నంగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. పాటకు ముందు ఇన్ని కథలు చెబితే వినేవాళ్ల మనసు పాట మీద ఉండదు, కథ మీద ఉంటుంది. మంచి పాట తన మాట తానే చెబుతుంది. ‘అమేజింగ్ గ్రేస్’ చూడండి. దాన్ని రాసినవాడు బానిస నౌకల కెప్టెన్ అని చెప్పిన వెంటనే సభ మొహం మారిపోతుంది. ఆ రోజు ఎవరో ఆత్మీయుణ్ణి పోగొట్టుకుని ఆ పాటలో ఊరట వెతుక్కునే మనిషి సభలో ఉంటే? ఆ ఊరట మనం ఎందుకు చెడగొట్టాలి?

మంద్రస్థాయి:
ఏకశ్రుతి గారూ, మీరన్న మనిషి గురించి నేనూ ఆలోచించాను. అయినా ఆ పాట కథ చెప్పాలనే అంటాను. చెబితే పూర్తిగా చెప్పాలి.

జనం చెప్పుకునే కథ: జాన్ న్యూటన్ బానిసలను తరలించే నౌకలో తుపానులో చిక్కుకున్నాడు, దేవుణ్ణి తలుచుకున్నాడు, ఆ క్షణంలోనే మారిపోయి బానిసలను విడిచిపెట్టి పాట రాశాడు. జరిగింది వేరు. తుపాను 1748లో వచ్చింది. దైవభక్తి మొదలైంది నిజమే. కానీ ఆ తర్వాతే ఆయన బానిస నౌకలకు కెప్టెన్ అయ్యాడు. 1754లో సముద్రం మానేసింది కూడా ఆరోగ్యం దెబ్బతిన్నందువల్ల. మతగురువుగా ఓల్నీ అనే ఊళ్లో స్థిరపడి, 1773 కొత్త సంవత్సరం ప్రసంగం కోసం ఈ కీర్తన రాశాడు. తాను చేసిన వ్యాపారం మహాపాపమని బహిరంగంగా ఒప్పుకుంటూ పుస్తకం ప్రచురించింది 1788లో. తుపానుకూ ఆ పుస్తకానికీ మధ్య నలభై ఏళ్లు గడిచాయి. బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించిన 1807లోనే ఆయన కన్నుమూశాడు.

మనిషి ఒక్క రాత్రిలో మారడన్నది ఈ కథలో ఉంది. అందుకే ఊరట వెతుక్కునేవాడికి ఇది అడ్డురాదు, ఇంకా దగ్గరవుతుంది. మరో సంగతి: మనం పాడే బాణీని న్యూటన్ వినే అవకాశమే లేదు. ఆ మాటలకు ఆ బాణీని జతచేసింది అమెరికాలో విలియం వాకర్, 1835లో. పదివేల ఏళ్లు అంటూ వచ్చే చివరి చరణం కూడా న్యూటన్‌ది కాదు, వేరే పాత కీర్తన నుంచి జనం తెచ్చి కలుపుకున్నారు.

ఏకశ్రుతి:
ఆ నలభై ఏళ్ల సంగతి ఆలోచించదగ్గదే. అయితే కథను పాటకు ముందు కాకుండా తర్వాత చెప్పండి. ముందు వినేవాళ్లను పాటతో ఒంటరిగా ఉండనివ్వండి. నా పట్టు అంతవరకే.

నాలుగుగొంతులు:
ఒక్కొక్క పాటకు ఒక్కొక్క తీరు కుదురుతుందేమో. ‘అమేజింగ్ గ్రేస్’కు తర్వాత. ‘ష్చెద్రిక్’కు ముందే చెప్పాలి, లేకపోతే ఆ పక్షి ఎవరికీ కనిపించదు. మన దేశంలో బృందగానాన్ని ఒక ఉద్యమంలా నడిపిన ఎం.బి. శ్రీనివాసన్‌ను ఈ సందర్భంలో తలుచుకోవాలి. చిత్తూరు ప్రాంతంలో పుట్టి, సినిమాలకు సంగీతం చేస్తూనే 1971లో మద్రాసు యూత్ క్వయర్ స్థాపించారు. మన భాషల పాటలను పాశ్చాత్య పద్ధతిలో వేరువేరు గొంతులకు పంచి, శిక్షణ లేని మామూలు మనుషుల చేత పాడించారు. ఈ రోజు మనలాంటివాళ్లం నాలుగు గొంతుల్లో పాడుతున్నామంటే అలాంటివారు వేసిన దారి ఉండబట్టే.

కాకలి:
‘స్టీల్ అవే’ మిగిలింది. దీని కథ ఒక గాయక బృందం కథే, అందుకే నాకు ప్రాణం.

అమెరికాలో బానిసత్వం రద్దయ్యాక, 1866లో నాష్‌విల్‌లో నల్లజాతి విద్యార్థుల కోసం ఫిస్క్ విద్యాలయం మొదలైంది. ఐదేళ్లలో అప్పుల్లో పడి మూతపడే స్థితికి వచ్చింది. కోశాధికారి జార్జ్ వైట్‌కు సంగీతం తెలుసు. తొమ్మిది మంది విద్యార్థులతో బృందం కట్టి, 1871 అక్టోబరు 6న కచేరీలు చేసి డబ్బు తెద్దామని బయల్దేరాడు. వాళ్లలో చాలామంది బానిసలుగా పుట్టినవారే. మొదట్లో వాళ్ల కార్యక్రమంలో ఎక్కువ భాగం అప్పటి తెల్లవారి సభలకు అలవాటైన పాటలే.

బానిసలుగా బతికిన తల్లిదండ్రులు పాడుకున్న పాటలు వాళ్లకు తెలియక కాదు. బృందంలో పియానో వాయించిన ఎల్లా షెపర్డ్ తర్వాత రాసింది: ఆ పాటలు చీకటి రోజులకు సంబంధించినవి, పెద్దవాళ్లకు పవిత్రమైనవి, సభలో పాడాలని కలలో కూడా అనుకోలేదు. కుర్చీలు చాలక నేల మీద కూర్చుని, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటూ, గొంతు తగ్గించి పాడుకునేవారు. అలా కొన్ని నెలల్లో పాటలు పోగయ్యాయి.

యాత్ర మొదట్లో జనం అంతంత మాత్రమే. చికాగో నగరం కాలిపోయిందని తెలిసి, తమకే బస ఖర్చులకు కటకటగా ఉన్నా ఒక కచేరీ డబ్బంతా బాధితులకు ఇచ్చేశారు. నవంబరులో ఓబర్లిన్‌లో మతగురువుల సమావేశం జరుగుతుండగా వీళ్లకు పాడే అవకాశం దొరికింది. ‘స్టీల్ అవే’ ఎత్తుకున్నారు. మాటల్లో మునిగి ఉన్నవాళ్లు ఆగి విన్నారు. ఆ తర్వాత తల్లిదండ్రుల పాటలే వాళ్ల కచేరీకి ప్రాణమయ్యాయి. 1873లో ఇంగ్లండు వెళ్లి విక్టోరియా రాణి ముందు పాడారు. ఆ డబ్బుతో కట్టిన జూబిలీ హాల్ ఇప్పటికీ ఫిస్క్‌లో ఉంది.

బానిసలు పాడుకున్న ఈ భక్తిగీతాలన్నీ పారిపోయే దారులు చెప్పే రహస్య సంకేతాలని కూడా కథలు నడుస్తున్నాయి. ఒక్కొక్క పాటకు ఒక్కొక్క సంకేతం అంటూ పట్టీలు కూడా తిరుగుతున్నాయి. అలాంటి పట్టీ సభలో చదవవద్దు. ఎల్లా షెపర్డ్ స్వయంగా రాసిన మాట ఉండగా దాని అవసరమే లేదు.

శ్రుతిపెట్టె:
ఎంత రాశారండీ! కాకలి గారి ‘స్టీల్ అవే’ ఆధారంగా మొదటి వ్యాఖ్యానం రాసుకున్నాను. చూసి చెప్పండి.

“1871లో అప్పుల్లో ఉన్న తమ విద్యాలయాన్ని నిలబెట్టుకోవడానికి తొమ్మిది మంది నల్లజాతి విద్యార్థులు పాడుతూ ఊరూరా తిరిగారు. తల్లిదండ్రులు బానిసలుగా ఉన్న రోజుల్లో పాడుకున్న పాటలు వాళ్లకు తెలుసు. వాటిని సభలో పాడటం వాళ్లకు ఇష్టం లేదు. నేల మీద కూర్చుని గొంతు తగ్గించి తమలో తాము పాడుకునేవారు. నవంబరులో ఓబర్లిన్ అనే ఊళ్లో, మాట్లాడుకుంటున్న ఒక పెద్ద సభ ముందు వాళ్లు ఈ పాట పాడారు. ఈ పాట మీ అందరి హృదయాలనూ తాకుతుందని ఆశిస్తున్నాం.”

కాకలి:
చివరి వాక్యం తీసేయండి. ‘ఈ పాట పాడారు’ దగ్గర ఆపి, వెంటనే శ్రుతి ఇచ్చేయండి. ఇంకొకటి: మొదటి పల్లవి వాద్యం లేకుండా, గొంతులు పెంచకుండా పాడించండి. వాళ్లు సాధన చేసింది అలాగే.

శ్రుతిపెట్టె:
తీసేశాను. మొదటి పల్లవికి కీబోర్డు కూడా ఉండదు. కరపత్రంలో లూసిల్ సిమ్మన్స్, లెయోంతోవిచ్, గ్రూబర్ పేర్లు వేస్తున్నాం. ‘అమేజింగ్ గ్రేస్’ కథ పాట తర్వాతే. రేపు సాధనలో ముందు దేశభక్తి గేయం చాపులో పాడిస్తాను. చాపుతాళం గారూ, చరణాల్లో నాలుగో పాదం చోట మాత్రలు తగ్గినప్పుడు ఆగాలా, సాగదీయాలా?

చాపుతాళం:
ఆగండి. మిగిలిన మాత్రల్లో ఊపిరి తీసుకుంటే తర్వాతి చరణానికి ఎత్తుగడ సరిగ్గా అందుతుంది.